భూమేష్ చూపించిన మ్యూజియం

దోహాలో మదీనత్ ఖలీఫా అనే పేటలో ఒక పెద్దింటి వెనక, కార్లు పెట్టుకునే షెడ్డుకు గోడలు లేపి, ఏసీలు బిగించి, సొంతంగా మ్యూజియం పెట్టుకున్న ముసలాయన ఒకాయన ఉండేవాడు. పేరు అబ్దుల్ ఖాదర్. ఇంటిల్లిపాదీ, పనివాళ్ళూ కూడా ఆయన్ని బాబా అనేవారు. ఆయన తండ్రి సముద్రంలో మునిగి ముత్యాలు తీసినవాడు. ఆ కాలం నాటి సామానంతా బాబా ఊరూరా తిరిగి ఏరుకొచ్చి ఆ షెడ్డులో పేర్చాడు. కాలికి కట్టుకుని మునిగే రాళ్ళు, ముక్కుకు బిగించుకునే తాబేటి చిప్ప చిమ్టాలు, మెడకు తగిలించుకునే వల బుట్టలు, గావా అనే అరబ్బు కాఫీ కాచే ఇత్తడి కూజాలు, గొంతు పోయిన రేడియోలు, ఇంజను లేని ఒక పాత జీపు. పెద్ద పెద్ద సర్కారు మ్యూజియాలు తిరిగి తిరిగి కాళ్ళు లాగినవాళ్ళకు ఇలాంటి చిన్న చోట్లంటే మహా ఇష్టం. ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు వస్తోందని ఊరంతా తవ్వి పోసిన ఆ రోజుల్లో, శుక్రవారం వచ్చిందంటే చాలు, బాబా గేటు ముందు కార్లు ఆగేవి.

ఆ గేటు తీసేవాడు భూమేష్. మనకు కావలసింది ఇతనే. మెట్‌పల్లి దగ్గర ఒక పల్లె నుంచి ఇంటి డ్రైవరు వీసా మీద వచ్చాడు. పదో తరగతి తప్పాక ట్రాక్టరు తోలాడు, పెళ్ళిళ్ళకు డీసీఎం వ్యాను తోలాడు, ఆ స్టీరింగు పట్టుకునే విమానం ఎక్కాడు. బాబాను మసీదుకూ, ఆస్పత్రికీ తిప్పడం, కూరగాయలు తేవడం, శనివారం మ్యూజియంలో దుమ్ము దులపడం, ఇంతే డ్యూటీ. తిండికి లోటు లేదు. జీతం ఒకటో తారీకున చేతిలో పడేది. బాబా ఏనాడూ గొంతు పెంచి ఎరగడు. రంజాన్‌లో ఉపవాసం విడిచేటప్పుడు మొదటి ఖర్జూరం తీసి భూమేష్ చేతిలో పెట్టి, రెండోది తను తినేవాడు. అలాంటి మనిషి దగ్గర ఇరుక్కోవడమేమిటని మీకనిపిస్తుంది. చెబుతాను.

బాబా కుర్రతనంలో బొంబాయిలో ముత్యాల బేరం చేశాడు కనక ఆయనకు హిందీ వచ్చు. ఇంగ్లీషు మాత్రం ముక్క రాదు. ఒక శుక్రవారం ఆయన జ్వరంతో పడుకుని ఉండగా అరడజను మంది తెల్లదొరసానులు గేటు కొట్టారు. పొమ్మనడానికి మొహమాటపడి భూమేష్ తలుపు తీశాడు. తీసినవాడు ఊరుకోవచ్చుగా. బాబా నోట వందసార్లు విన్నదంతా వచ్చీరాని ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. చిన్నప్పుడు ఊళ్ళో ఒగ్గుకథ చెబుతుంటే ముందు వరసలో కూచుని నోరు తెరుచుకుని విన్నవాడాయె, ఎక్కడ ఆపాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో ఒంట్లోనే ఉంది. ముక్కుకు చిమ్టా బిగించి, రాయి పక్కన గొంతుక్కూచుని, కళ్ళు తేలిపోయేదాకా ఊపిరి బిగబట్టి చూపించాడు. దొరసానులు చప్పట్లు కొట్టి, ఫొటోలు దిగి, ఆ సంగతంతా ఫోన్లలో రాసిపెట్టారు. మరుసటి వారం జనం రెట్టింపయ్యారు. బాబా మంచం దిగొచ్చి, తలుపు పక్క కుర్చీ వేయించుకుని, మనవాడి ప్రదర్శన చూసి మురిసి ముక్కలయ్యాడు.

"ఇంకో మూడేళ్ళలో ప్రపంచమంతా ఈ గుమ్మంలోకి వస్తుంది. వాళ్ళకు నువ్వే చెప్పాలి," అన్నాడు. ఆ మాట విని భూమేష్ ఉబ్బిపోయాడు. పిచ్చివాడు!

ఎందుకంటే అతనికి పెళ్ళి కుదిరి ఉంది. పిల్ల పేరు సుమలత. మెట్‌పల్లిలో బట్టల దుకాణంలో పనిచేసేది. దూరపు చుట్టం, వరసకు మరదలు. కిందటిసారి సెలవుకు వెళ్ళినప్పుడు పసుపు కుంకుమలు ఇచ్చిపుచ్చుకున్నారు. ఆ పిల్లకు నోరెక్కువ, నవ్వెక్కువ. రోజూ సాయంత్రం దుకాణం కట్టేశాక ఇమోలో వీడియో ఫోన్ చేసి, అన్నం తిన్నవా, ముసలోడు మంచిగున్నడా, నీ రాళ్ళు రప్పలు మంచిగున్నయా అని ఆటపట్టించేది. భూమేష్‌కు పగలంతా ఆ ఫోన్ కోసమే గడిచేది. ఆ పిల్లంటే ప్రాణం. దాచడానికేముంది.

లగ్గం శ్రావణంలో పెట్టారు. భూమేష్ వెళ్ళి బాబాను అడిగాడు. దేశం దాటాలంటే ఇంటి పనివాళ్ళకు యజమాని ఒప్పుకోలు ఉండాలి. దాన్ని అక్కడ ఖురూజ్ అంటారు. యజమాని తన ఫోన్లో ఒక్క మీట నొక్కితే వస్తుంది, నొక్కకపోతే రాదు. బాబా భుజం తట్టి, "పెళ్ళా? మబ్రూక్, శుభం! వేసవి పోనీ. ఎవరో పెద్ద అతిథులు వస్తున్నారట, నువ్వు లేకపోతే ఎలా?" అన్నాడు. శ్రావణం పోయింది. పిల్ల తండ్రి గొణుక్కుని కార్తీకానికి మార్చాడు. బాబాను మళ్ళీ అడిగితే, "చలికాలంలోనేగా జనం వచ్చేది? యల్లా, కప్పు అయిపోనీ. నేనే దగ్గరుండి పంపిస్తా," అన్నాడు. కప్పంటే ఇంకా మూడేళ్ళు. ఎంత తేలిగ్గా అనేశాడో!

మెసయీద్‌లో ఎరువుల ఫ్యాక్టరీలో పనిచేసే ముత్యం భూమేష్‌కు పెదనాన్న కొడుకు. ఒక శుక్రవారం సాయంత్రం అతని రూముకు వెళ్ళి భూమేష్ తన గోడు వెళ్ళబోసుకున్నాడు.

"మాకు పోయినేడే తీసేసిండ్రు తమ్మీ ఖురూజ్," అన్నాడు ముత్యం, ఉల్లిగడ్డ కోస్తూ. "కంపెనోళ్ళకు మాఫీ. టికెట్ కొనుక్కున్నమా, పోయినమా. మీ ఇంటి వీసాలోళ్ళకే ఇంక ఉన్నది."

"మరి నేనేం జెయ్యాలె అన్నా?"

"మంచిగ చేస్తున్నవు గద, అదే నీ తప్పు. ఒక రేడియో పలగ్గొట్టు. ఆ కూజలు సొట్టలు వడగొట్టు. తెల్లారి నీకు ముసలోడే టికెట్ కొంటడు."

"పాపం గాదే?"

"నీ లగ్గం తప్పుడు పాపం గాదా?" అన్నాడు ముత్యం.

మరునాడు శనివారం. భూమేష్ గుండె దిటవు చేసుకుని, అన్నిటికన్నా పాత రేడియోను రెండు చేతులా పైకెత్తాడు. దాని అడుగున బాబా చేత్తో రాసి అంటించిన చీటీ కనబడింది. అరబ్బీ అతనికి చదవడం రాదు. కానీ అది ఎవరి పెళ్ళికి కొన్న రేడియోనో, ఎవరు పోయాక ఎవరిచ్చారో తానే వారం వారం జనానికి చెబుతున్నాడాయె. మెల్లగా దించి, బట్టతో తుడిచి, ఎక్కడిదక్కడ పెట్టాడు. తనమీద తనకే అసహ్యం వేసింది.

అంతలో దసరా వచ్చింది. మన దగ్గర ఆ రోజు బండికీ, నాగలికీ, ఆఖరికి కుట్టు మిషనుకూ కుంకుమ పెట్టి దండం పెట్టుకుంటాం. భూమేష్ ఇండియన్ దుకాణంలో పసుపు కుంకుమ, బంతిపూలు కొనుక్కొచ్చాడు. పొద్దున బాబా కారుకు పెట్టబోయినవాడు ఆగాడు. ఒక ఆలోచన తట్టింది. మ్యూజియంలో పెడితే? పలగ్గొట్టడం తన వల్ల కాదు. కానీ ముసలాయన నమాజు తప్పని మనిషి. తన తండ్రి రాళ్ళకు బొట్లు పెడితే ఊరుకుంటాడా? పొమ్మంటాడు. చేసేది పాపమూ కాదు. ఇలా లెక్క వేసుకుని, మధ్యాహ్నం తలుపు దగ్గరేసి, మునిగే రాళ్ళకు, వల బుట్టలకు, జీపు ముందు భాగానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, పూలు చుట్టాడు. మొదలుపెట్టింది పన్నాగంతోనే. పెట్టేకొద్దీ చేతులకు ఊరు గుర్తొచ్చింది. చివరకు నిజంగానే కళ్ళు మూసుకుని దండం పెట్టాడు.

కళ్ళు తెరిచేసరికి గుమ్మంలో బాబా నిలబడి ఉన్నాడు.

"ఇదేమిటి?" అన్నాడు. ఆయన హిందీ మాటలు నేను తెలుగులో చెబుతున్నాను.

"మా పండగ, బాబా. అన్నం పెట్టే పనిముట్లకు ఈరోజు మొక్కుతాం." ఇప్పుడు పొమ్మంటాడు, ఇప్పుడు పొమ్మంటాడు అనుకుంటూ తలొంచుకున్నాడు.

బాబా రాళ్ళ దగ్గరికి నడిచాడు. కుంకుమ వంక చాలాసేపు చూశాడు. "మొక్కవలసింది అల్లాకు ఒక్కడికే. తుడిచెయ్యి," అన్నాడు. ఆ తర్వాత కళ్ళు తుడుచుకున్నాడు. "నాకు నలుగురు కొడుకులు. ఒక్కడూ ఈ రాయిని చేత్తో ముట్టలేదు. నా తండ్రి తిండి తిన్నది దీనివల్లేనని నీకెవరు చెప్పారు?"

ఇక్కడ చేశాడు మనవాడు చేయకూడని పని. బాబా పెరట్లో గాఫ్ చెట్టొకటి ఉంది. అది అచ్చం మన జమ్మే, దసరానాడు ఆకును బంగారమని పెద్దల చేతిలో పెట్టి దండం పెట్టే జమ్మి. పొద్దున కోసిన నాలుగు ఆకులు భూమేష్ జేబులో ఉన్నాయి. దసరానాడు కళ్ళెదుట పెద్దమనిషి నిలబడి కంట నీరు పెట్టుకుంటే మన తెలంగాణ పిల్లవాడి చేయి ఊరుకుంటుందా? ఆ ఆకులు తీసి, ఇది బంగారం బాబా అని ఆయన అరచేతిలో పెట్టి, కాళ్ళకు వంగాడు. బాబా వంగనివ్వలేదు. రెండు రెక్కలూ పట్టి లేపి, ఈద్‌నాడు కొడుకులను హత్తుకున్నట్టు అలయ్ బలయ్ తీసుకున్నాడు. భూమేష్ గుండె కరిగింది, ఆ మరుక్షణమే భయంతో బిగిసింది. ఈ చేతులు ఇంక తనను విడిచిపెట్టవని తెలిసిపోయింది.

సాయంత్రం బాబా అతన్ని మజ్లిస్‌లోకి, అంటే అతిథులు కూచునే హాల్లోకి పిలిచి పక్కన కూచోబెట్టుకున్నాడు. "నీ పెళ్ళి సంగతి ఆలోచించాను. నువ్వు వెళ్ళడమెందుకు? ఆ పిల్లనే ఇక్కడికి తెప్పిస్తా. ఇంటిపనికి వీసా ఇస్తా. మా ఆవిడకు తోడుగా ఉంటుంది. పైన గది ఇస్తా. ఇక మీ ఇద్దరూ నా పిల్లలే," అన్నాడు. ఎంత సంతోషంగా అన్నాడంటే, కాదనే దారి కనబడక భూమేష్ తలూపాడు.

ఆ మాటే ఇమోలో సుమలతకు చెప్పాడు. ఫోను కట్టయిందనుకుని హలో హలో అన్నాడు.

"ఉన్న, ఉన్న," అంది సుమలత. "నువ్వు రానీకి లేదు గని, నన్ను రమ్మంటున్నవు. నన్ను గూడ ఆ అద్దాల పెట్టెల పెడ్తవా బావా?"

"గట్లనకే. ముసలాయన మంచోడు."

"మంచోడైతే పంపుమను. మా బాపు రోజు ఒకటే తిట్టుడు, గా దుబాయ్ పిల్లగాడు ఎగవెట్టిండు అని. జగిత్యాల సంబంధం ఒకటి అడుగుతున్నరు. నేను వద్దంటనే ఉన్న. ఎన్ని దినాలు అనాలె?"

"నేను అడిగిన గదనే, రెండుమాట్ల."

"అడుగుడు గాదు. చెప్పు. ఊరోళ్ళందరికి కథలు చెప్తవు, నీ కథ ఒకటి చెప్పుకోరాదా? ఈ శుక్రారం చెప్పు. నీకు నేను గావాల్నంటే నోరు దెరిచి చెప్పు." గొంతులో నవ్వు లేదు. భూమేష్ చెబుతానని మాటిచ్చాడు.

శుక్రవారం వచ్చింది. ఆ రోజు వచ్చినవాళ్ళలో ఇద్దరు తెల్లవాళ్ళు, అల్ హిలాల్ పేటలో ఉండే ఒక తెలుగు జంట. ఆయన రామచంద్రరావు, ఏదో పెద్ద కంపెనీలో ఇంజనీరు. ఆమె భానుమతి. సెలవు దొరికితే చాలు, పాత కోటలూ, ఇలాంటి చిన్న మ్యూజియాలూ వెతుక్కుంటూ తిరుగుతారట. భూమేష్ యాస వినగానే భానుమతి మొహం విప్పారింది.

"తెలంగాణానా బాబూ? ఇక్కడ ఎన్నాళ్ళ నుంచి ఉంటున్నావు?"

"చాన్నాళ్ళాయె అమ్మా."

మాట కలిసింది కనక, పక్కకు పిలిచి రామచంద్రరావుతో తన సంగతి నాలుగు ముక్కల్లో చెప్పుకున్నాడు. "మీరు చదువుకున్నోళ్ళు సార్. మీరొక్క మాట చెప్తే వింటడు."

రామచంద్రరావు గడ్డం గోక్కున్నాడు. "చూద్దాంలేవయ్యా. సమయం చూసి చెప్పాలి ఇలాంటివి," అన్నాడు.

ఇక ఆ సమయం వస్తుందన్న నమ్మకం భూమేష్‌కు కలగలేదు. ప్రదర్శన మొదలుపెట్టాడు. రాళ్ళు అయ్యాయి, చిమ్టా అయింది, ఊపిరి బిగబట్టడం అయింది, రేడియోలు అయ్యాయి. జీపు దగ్గర ఎప్పుడూ ముగించి థాంక్యూ అనేవాడు. ఆ రోజు అనలేదు. జీపు పక్కన ఖాళీ జాగాలో తానే నిటారుగా నిలబడ్డాడు. చేతులు పక్కలకు ఆనించుకున్నాడు.

"లాస్ట్ ఐటమ్," అన్నాడు ఇంగ్లీషులో. "నేమ్ భూమేష్. మేడిన్ ఇండియా. మై మ్యారేజ్ రెడీ, గర్ల్ వెయిటింగ్. బాబా నో లీవ్ మీ. బాబా కీప్."

తెల్లాయన పెద్దగా నవ్వేశాడు. ఆయన భార్య చప్పట్లు కొట్టింది. భానుమతి నవ్వలేదు. తలుపు దగ్గర కుర్చీలోంచి బాబా అందరి మొహాలూ చూసి, తనూ నవ్వు మొహం పెట్టుకుని, "ఏమన్నాడు, ఏమన్నాడు?" అని రామచంద్రరావును హిందీలో అడిగాడు.

రామచంద్రరావు ఒకసారి భూమేష్‌ను చూశాడు, ఒకసారి ముసలాయన్ని చూశాడు. ఎవరింటికో చూడ్డానికి వచ్చిన మనిషి. మనకెందుకొచ్చిన గొడవ అనుకున్నాడేమో. "మీ మ్యూజియంలో అన్నిటికన్నా విలువైన వస్తువు తనేనంటున్నాడు, బాబా," అన్నాడు.

"అదేమిటండీ!" అంది భానుమతి. వెంటనే భూమేష్ వైపు తిరిగి, "ఆయన తప్పు చెప్పారు బాబూ. నీకు హిందీ వచ్చుగా. నువ్వే చెప్పెయ్, ఇప్పుడే చెప్పెయ్," అంది తెలుగులో.

నిజమే, హిందీ వచ్చు. ఆ మాటలు నాలుక చివరే ఉన్నాయి. నన్ను పంపండి బాబా, నాకు ఆ పిల్ల కావాలి. ఇంతే కదా. భూమేష్ నోరు తెరిచాడు కూడా. బాబా అప్పటికే కర్ర ఊతంతో కుర్చీలోంచి లేచి వస్తున్నాడు. కళ్ళు తడిగా మెరుస్తున్నాయి. దగ్గరికి వచ్చి, అందరి ముందూ మనవాడి తల పట్టుకుని నుదుటి మీద ముద్దు పెట్టాడు. "నిజం చెప్పాడు, వల్లా, అల్లా మీదొట్టు! నిజమే చెప్పాడు. ఇకనుంచి ప్రతి శుక్రవారం ఆఖర్న ఈ మాట చెప్పు," అన్నాడు. తెల్లాయన ఫోనెత్తి, ఇద్దరినీ కలిసి నిలబడి నవ్వమన్నాడు. బాబా చేయి భూమేష్ భుజం మీద పడింది.

తిట్టి ఉంటే చెప్పేవాడు. కొట్టి ఉంటే తప్పకుండా చెప్పేవాడు. ఆ ముసలి చేయి బరువు కింద మాట లోపలికే జారిపోయింది. భానుమతి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్ళిపోయింది. రామచంద్రరావు బాబాకు సలాం చెప్పి ఆమె వెనకే నడిచాడు.

సాయంత్రం మామూలు వేళకే ఫోన్ మోగింది. భూమేష్ తన గదిలో మంచం మీద కూచుని ఉన్నాడు. మీట నొక్కగానే సుమలత మొహం కనబడింది. దుకాణం మెట్ల మీదే కూచున్నట్టుంది, ఇంటికి కూడా పోలేదు.

"చెప్పినవా?" అంది.

"చెప్పిన."

"అందరి ముంగట చెప్పినవా?"

"అందరి ముంగటనే చెప్పిన."

ఆ పిల్ల మొహం వెలిగింది. ఫోను దగ్గరికి తెచ్చుకుంది. "ఏమన్నడు మరి?"

భూమేష్‌కు అబద్ధం దొరకలేదు. "నవ్విండు," అన్నాడు.

"నువ్వో?" అంది సుమలత.

"నేను గూడ నవ్విన."

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. "పైలం బావా," అంది మెల్లగా. "మా బాపుతోని చెప్తపో, జగిత్యాలోళ్ళను రమ్మనుమని," అని, ఫోను పెట్టేసింది.